కెమెరా తిప్పే చెయ్యి ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నిఘా కెమెరాలు బిగించడం, వాటిని దూరం నుంచి నడిపే కంట్రోల్ ప్యానెల్‌ను అమర్చి, నడిపేవాళ్లకు నేర్పడం నా వృత్తి. ముప్పై ఏళ్లకు పైగా ఓడరేవుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో ఈ పనే చేస్తున్నాను. మామూలుగా అయితే ఇలాంటి సభలో చెప్పుకునే విషయం కాదిది. కానీ స్వర్ణోత్సవం గుర్తుగా బడికి కెమెరాలు పెట్టించాలని మన సంఘం తీర్మానించింది. విరాళాలు అందాయి. పని నాకు అప్పగించారు. అందుకని, మీ డబ్బుతో ఏం కొంటున్నానో, అది ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎవరి చేతికి ఇవ్వాలో మీ అందరి ముందూ చెప్పడం నా బాధ్యత అనుకున్నాను.

కెమెరా అందరికీ కనిపిస్తుంది. దాన్ని తిప్పే ప్యానెల్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా వాళ్లు దాన్ని కీబోర్డు అంటారు. పలక కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. ఒక పక్క అంకెల బటన్లు, పైన చిన్న తెర, కుడివైపు జాయ్‌స్టిక్. స్టిక్ ఎడమకు వంచితే ఎక్కడో స్తంభం మీదున్న కెమెరా ఎడమకు తిరుగుతుంది. ముందుకూ వెనక్కూ వంచితే తల పైకీ కిందికీ ఆడిస్తుంది. స్టిక్ పైనున్న గుబ్బను మెలితిప్పితే దృశ్యం దగ్గరకు వస్తుంది. ఎంత ఎక్కువ వంచితే అంత వేగం.

పిల్లలకు ఆసక్తిగా ఉంటుందని లోపలి సంగతి కొంచెం చెబుతాను. పాత పద్ధతిలో ప్యానెల్ నుంచి కెమెరాకు వెళ్లేవి రెండే రెండు సన్నటి వైర్లు. వాటి మీద ప్యానెల్ ఏడు అంకెలు పంపుతుంది. ఒకటో నంబరు కెమెరాను కుడివైపు సగం వేగంతో తిప్పాలంటే ఆ అంకెలు ఇవి: 255, 1, 0, 2, 32, 0, 35. మొదటి 255 అంటే అందరూ వినండి అని. 1 అంటే ఒకటో కెమెరా. తర్వాతి 0, 2 కలిసి కుడివైపు అనే ఆజ్ఞ. 32 పక్కకు తిరిగే వేగం. మామూలు వేగాల్లో గరిష్ఠం 63. ఆ పక్కన 0 అంటే పైకీ కిందికీ కదలవద్దని. చివరి 35 ఏమిటి? మొదటి 255 వదిలేసి మిగతా అయిదూ కూడండి: 1, 0, 2, 32, 0. మొత్తం 35. కెమెరా కూడా ఆ లెక్క చేసి చూసుకుంటుంది. సరిపోతే తిరుగుతుంది. దారిలో అంకె చెడిపోయి లెక్క తప్పితే కదలదు. మన లెక్కల మాస్టారు, జవాబు వచ్చాక సరిచూడకపోతే సగం మార్కులే వేసేవారు. ఆ అలవాటున్న యంత్రం ఇది. అమెరికాలోని పెల్కో కంపెనీ తన కెమెరాల కోసం తయారుచేసుకున్న భాష ఇది. తర్వాత మిగతా కంపెనీలూ దీన్నే వాడుకున్నాయి. పెల్కో-డి అంటారు.

స్టిక్ వదలగానే ప్యానెల్ ఇంకో వాక్యం పంపుతుంది: 255, 1, 0, 0, 0, 0, 1. అంటే ఆగు అని. ఇది దారిలో పోయిందనుకోండి, కెమెరా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసి "సార్, కెమెరాకు దయ్యం పట్టింది" అన్న ఆపరేటర్లు నాకు చాలామంది తెలుసు. దయ్యమేమీ ఉండదు. ఎక్కడో జాయింటు వదులై ఉంటుంది.

ప్రతి కెమెరాలోనూ నంబరు పెట్టడానికి ఎనిమిది బుల్లి స్విచ్చులుంటాయి. వాటి విలువలు వరుసగా 1, 2, 4, 8, అలా 128 దాకా. అయిదో నంబరు కావాలంటే మొదటిదీ మూడోదీ వేస్తాం. ద్విసంఖ్యామానం దేనికి పనికొస్తుందని పిల్లలు అడిగితే, మాస్టార్లూ, ఈ స్విచ్చులు చూపించండి. స్టిక్ కదిపితే రెండు కెమెరాలు ఒకేసారి తిరిగాయంటే రెండింటికీ ఒకే నంబరు పడిందన్నమాట. ఒక్కటి మాత్రమే పలకకపోతే ముందు దాని నంబరు చూడాలి. ఏదీ పలకకపోతే ప్యానెల్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయేమో, పంపే వేగం ప్యానెల్‌లోనూ కెమెరాల్లోనూ ఒకటిగా ఉందో లేదో చూడాలి. ఒక చోట 2400, ఇంకో చోట 9600 పెడితే ఒకరు తెలుగు, ఇంకొకరు తమిళం మాట్లాడుకున్నట్టే.

వైరు లాగడమే ఈ పనిలో అసలు కష్టం. ఆ రెండు వైర్లు ఒకదానితో ఒకటి మెలిపెట్టినవై ఉండాలి. అలాంటి జతను 1200 మీటర్ల దాకా లాగవచ్చు, 32 పరికరాలు తగిలించవచ్చు. కానీ చెట్టు కొమ్మల్లా చీల్చకూడదు. ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు, పూలదండ గుచ్చినట్టు, ఒకే వరుసలో పోవాలి. వరుస రెండు చివర్లా 120 ఓమ్‌ల నిరోధం పెట్టాలి. లేకపోతే నూతిలో కేకేస్తే తిరిగొచ్చినట్టు, పంపిన మాట చివర తగిలి వెనక్కి వచ్చి, వచ్చే మాటతో కలిసిపోతుంది. ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు వైరు ఆదా చేద్దామని మధ్యలో నాలుగు కొమ్మలు చీల్చాడు. దూరంగా ఉన్న కెమెరాలు పగలంతా బాగానే ఉండేవి, పెద్ద మోటార్లు నడిచినప్పుడు మాత్రం మొండికేసేవి. కొమ్మలు తీసేసి, కరెంటు వైర్ల గొట్టంలోంచి దీన్ని బయటికి తెచ్చి వేరే గొట్టంలో వేశాక మళ్లీ ఫోన్ రాలేదు.

ఇప్పుడు కాలం మారింది. దృశ్యం, ఆజ్ఞ, కరెంటు మూడూ ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో వెళ్తాయి. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి యాక్సిస్, బాష్, సోనీ కంపెనీలు 2008లో ఆన్‌విఫ్ అనే ఉమ్మడి వేదిక ఏర్పాటు చేశాయి. దానివల్ల ఒకరి ప్యానెల్‌తో ఇంకొకరి కెమెరా తిప్పవచ్చు. అయితే రెండు తంటాలున్నాయి. ఒకటి, నెట్‌వర్క్‌లో దృశ్యం కాస్త ఆలస్యంగా వస్తుంది. తెర చూస్తూ మనిషిని వెంబడిస్తే కెమెరా అతణ్ని దాటిపోతుంది. కొత్త ఆపరేటర్లు వారం రోజులు ఇలా తడబడతారు. స్టిక్‌ను కొంచెం ముందే వదలడం చేతికి అలవాటు కావాలి. రెండోది పాస్‌వర్డు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతటా లక్షల కెమెరాల్లోకీ రికార్డర్లలోకీ చొరబడింది. అది వేసింది పెద్ద కన్నమేమీ కాదు. కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డును ఎవరూ మార్చలేదు, అంతే. ఇల్లు కట్టి తాళం చెవిని గుమ్మానికే తగిలించినట్టు.

మన బడికి నెట్‌వర్క్ పద్ధతే ఎంచుకున్నాను. ఆఫీసు గది నుంచి మైదానం చివరి స్తంభానికి నేను కొలిస్తే 170 మీటర్లు వచ్చింది. రాగి కేబుల్ 100 మీటర్ల దాకానే నమ్మకం. అందుకని అక్కడికి ఫైబర్ వేసి, కరెంటు పంపు షెడ్డు నుంచి తీసుకుంటాం. మన తాడిచెట్ల మీద పిడుగులు పడటం మీ అందరికీ తెలుసు. ఫైబర్ వెంట పిడుగు ఆఫీసు దాకా రాదు, అది ఇంకో లాభం. స్తంభం దగ్గర ఎర్త్ గుంత మాత్రం విడిగా తవ్వాలి.

తిరిగే కెమెరాలు రెండే. మిగతావన్నీ కదలనివి. కొందరు మిత్రులు అన్నీ తిరిగేవే పెట్టమన్నారు, డబ్బుకు వెనకాడవద్దన్నారు. వాళ్ల మనసు పెద్దది. కానీ తిరిగే కెమెరా బావివైపు చూస్తున్నప్పుడు గేటువైపు చూడదు. ఏదైనా జరిగాక రికార్డు తీస్తే అది సరిగ్గా ఇంకో దిక్కున చూస్తూ ఉంటుంది. గేటుకూ సైన్సు ల్యాబు వరండాకూ కంప్యూటర్ గది గుమ్మానికీ కదలని కెమెరాయే నమ్మకమైన కాపలాదారు.

తిరిగే వాటికి ప్రీసెట్లు పెడతాం. అంటే, కెమెరాను ఒక చోటికి తిప్పి, ఆ చోటుకో నంబరు ఇవ్వడం. 1 గేటు, 2 నుయ్యి, 3 వంటషెడ్డు, 4 వెనక ప్రహరీ. అర్ధరాత్రి చప్పుడైతే వాచ్‌మన్ స్టిక్‌తో వెతుక్కోనక్కరలేదు. 4 నొక్కి ప్రీసెట్ బటన్ నొక్కితే కెమెరా ఒకటి రెండు సెకన్లలో ప్రహరీ మీద వాలుతుంది. రెండు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే గేటువైపు తిరిగి వస్తుంది. 95వ నంబరు మాత్రం ఎవరూ వాడకండి. చాలా కెమెరాల్లో ఆ నంబరు పిలిస్తే లోపలి మెనూ తెరుచుకుంటుంది.

ఇక అసలు మాట. మొన్న కొలతలు తీస్తుంటే ఇక్కడి టీచరు గారు ఒకరు "ఇవి దొంగల కోసమా అండీ, మా కోసమా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. అది నవ్వి ఊరుకునే ప్రశ్న కాదు.

చాలా ఏళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో ఎత్తైన స్తంభం మీద తిరిగే కెమెరా బిగించాం. యార్డు చూడటానికి పెట్టింది. రాత్రి షిఫ్టులో ఒకడు దాన్ని కార్మికుల క్వార్టర్స్ కిటికీల మీదికి తిప్పి జూమ్ చేసేవాడు. ఆ ఇళ్లలో ఆడవాళ్లకు అనుమానం వచ్చి ఫిర్యాదు చేస్తే ఆఫీసులో కొట్టిపారేశారు. కానీ ఆ ప్యానెల్‌లో ప్రతి ఆపరేటరుకూ విడి నంబరు, పాస్‌వర్డు ఉన్నాయి. ఎవరు, ఎన్ని గంటలకు, ఏ కెమెరా తిప్పారో చిట్టాలో ఉంది. ఆ చిట్టా తీసి బల్ల మీద పెట్టాక అందరూ నమ్మారు. అందరూ ఒకే పాస్‌వర్డు వాడుకునే చోటైతే ఆ ఆడవాళ్ల మాట గాలికి పోయేది.

ఆ మర్నాడే ప్రైవసీ మాస్కులు పెట్టాం. కిటికీలున్న భాగాన్ని తెర మీద గీస్తే, కెమెరా ఎటు తిరిగినా, ఎంత జూమ్ చేసినా అక్కడ నల్లటి ముక్క అడ్డుపడుతుంది. రికార్డులోనూ నల్లగానే ఉంటుంది.

అందుచేత మన బడిలో నేను ఇలా చేయదలిచాను. తరగతి గదుల్లో, స్టాఫ్ రూములో కెమెరా ఉండదు. తప్పు జవాబు చెప్పి నవ్వించుకునే స్వేచ్ఛ మనకుంది, ఈ పిల్లలకూ ఉండాలి. మాస్టారు పాఠం మధ్యలో కథ చెప్పే స్వేచ్ఛా ఉండాలి. ఈ విషయంలో సంఘంలో కొందరు నాతో ఏకీభవించరని తెలుసు. వాళ్లతో వాదించడానికి సిద్ధం. ఆడపిల్లల మరుగుదొడ్ల దారి, ప్రహరీ అవతలి ఇళ్లు రెండు కెమెరాల్లోనూ మాస్కు కింద ఉంటాయి. ప్యానెల్‌కు మూడు నంబర్లు: ప్రధానోపాధ్యాయులది, ఉపాధ్యాయుల తరఫున ఒకరిది, రాత్రి వాచ్‌మన్‌ది. వాచ్‌మన్ కెమెరా తిప్పగలడు, ప్రీసెట్ పిలవగలడు. మాస్కు తీయలేడు, రికార్డు చెరపలేడు. మాస్కు మార్చాలంటే మిగతా ఇద్దరూ కలిసి కూర్చోవాలి. పాస్‌వర్డును రెండు ముక్కలు చేసి చెరొకరికీ ఇస్తాను. నా దగ్గర ఏదీ ఉండదు.

రికార్డు 30 రోజులు ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా చేరే సంస్థలకు పెట్టిన గడువు అదే. ఆ తర్వాత పాతదాని మీద కొత్తది పడుతుంది. ఎవరో అడిగారని ఫోన్‌లోకి ఎక్కించి పంపడం ఉండదు. అడిగేవారి పేరు, కారణం పుస్తకంలో రాయాలి.

వాచ్‌మన్‌కు శిక్షణ నేనే ఇస్తాను. ఆయన చదివింది అయిదో తరగతి అని కొందరు సందేహించారు. ఆయన నిన్న అరగంటలో నాలుగు ప్రీసెట్లూ నేర్చుకుని, "బాబూ, వానలో అద్దం మసకబారితే ఎవరు తుడుస్తారు?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఇంజనీర్లెవరూ నన్ను అంత ముందుగా ఆ ప్రశ్న అడగలేదు. స్తంభానికి నిచ్చెన కొక్కేలు పెట్టించాలని ఆ సాయంత్రమే అంచనాలో చేర్చాను.

వచ్చే నెల రెండో ఆదివారం ఫైబర్ వేయడానికి కాలువ తవ్వుతాం. నుయ్యి పక్క నుంచి వేపచెట్టు దాకా 60 మీటర్లు చేత్తోనే తవ్వాలి, యంత్రం వెళ్లదు. 1986 బ్యాచ్ నుంచి ఆరుగురు వస్తామన్నారు, వాళ్లలో ఇద్దరికి నడుంనొప్పి. తర్వాతి బ్యాచ్‌ల తమ్ముళ్లు గునపాలు, పారలు తెచ్చుకుని ఉదయం ఆరింటికల్లా వస్తే ఎండ ముదిరేలోపు పని అయిపోతుంది. టిఫిన్ సంగతి సంఘం కోశాధికారి గారు చూసుకుంటారు.