ఎలినోర్ స్టూవర్ట్: ఉత్తరాల్లో ఉన్న భూమి, రికార్డుల్లో లేని హక్కు
(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి హక్కు మీద మాట్లాడమన్నారు. మన చట్టాల గురించి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. రోజూ తహసీల్దారు ఆఫీసుల చుట్టూ తిరిగేది మీరే. అందుకే నేను అమెరికాలోని ఒక రైతు స్త్రీ గురించి చెప్తాను. ఆమె పేరు ఎలినోర్ ప్రూయిట్ స్టూవర్ట్.

1876లో ఒక బీద కుటుంబంలో పుట్టింది. చిన్న వయసులోనే తల్లిదండ్రులు పోతే తోబుట్టువుల భారం మీద వేసుకుంది. మొదటి పెళ్లి నిలవలేదు. చంటి కూతురు జెరీన్‌ని పెట్టుకుని డెన్వర్ నగరంలో ఇళ్లలో పాచిపని చేసింది, బట్టలుతికింది. 1909లో వయోమింగ్ రాష్ట్రం బర్న్ట్‌ఫోర్క్‌లో క్లైడ్ స్టూవర్ట్ అనే రాంచి యజమాని ఇంటి పనికి మనిషి కావాలంటే కూతురితో సహా అక్కడికి వెళ్లింది. రాంచి అంటే పెద్ద పెద్ద పచ్చిక బీళ్లలో పశువులను పెంచే కమతం. ఆమె వెళ్లింది జీతం కోసమే కాదు. తన పేరు మీద భూమి సంపాదించాలని వెళ్లింది.

అందుకు చట్టం కూడా ఉంది. 1862 నాటి హోంస్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకుని, ఇల్లు కట్టుకుని, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా ఇస్తారు. 21 ఏళ్లు నిండిన ఒంటరి స్త్రీకి, వితంతువుకు, కుటుంబ పెద్దగా ఉన్న స్త్రీకి ఆ హక్కు ఉంది. భర్తతో కాపురం చేస్తున్న స్త్రీకి లేదు. ఆమె కుటుంబ పెద్ద కాదు కనుక! 1869లోనే స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చిన వయోమింగ్‌లోనూ ఈ చట్టమే నడిచింది.

ఇక్కడ ఒక మాట మరిచిపోకూడదు. ప్రభుత్వం పంచిపెట్టిన ఆ నేల ఖాళీ నేల కాదు. అది షోషోనీ ఆదివాసుల నేల. 1868 ఒప్పందంతో వాళ్లను విండ్ రివర్ రిజర్వేషన్‌కు పరిమితం చేశాకే అక్కడ దరఖాస్తులు మొదలయ్యాయి. ఎలినోర్ పోరాటాన్ని గౌరవిస్తూనే ఈ సంగతినీ గుర్తుంచుకోవాలి.

1909 మే నెలలో ఆమె క్లైడ్ భూమిని ఆనుకుని ఉన్న స్థలానికి దరఖాస్తు పెట్టింది. వారం తిరక్కుండానే అతన్ని పెళ్లి చేసుకుంది. ఆమె ఇల్లు అతని ఇంటికి గోడ కలిపి కట్టిన గదులే.

ఇక ఆమె చాకిరీ చూడండి. కోతలకు మగ మనిషి దొరక్కపోతే గుర్రాలు లాగే గడ్డికోత యంత్రం తనే ఎక్కి తోలింది. రోజూ ఏడు ఆవుల పాలు పితికింది. వంట రాత్రిపూట చేసుకుంది. అడవి పళ్లు ఏరి శీతాకాలానికి జామ్‌లు నిలవ పెట్టింది. మొదటి కొడుకు పసిగుడ్డుగానే చనిపోయాడు. డాక్టరు లేడు, పాదిరీ లేడు. శవపేటిక భర్త చేశాడు. లోపల గుడ్డ కుట్టి అమర్చింది ఈ తల్లి.

ఇవన్నీ ఆమె డెన్వర్‌లోని తన పాత యజమానురాలికి ఉత్తరాలుగా రాసింది. అవి పత్రికలో అచ్చయి, 1914లో పుస్తకంగా వచ్చాయి. పట్నాల్లో బట్టలుతికి బతికే స్త్రీలు కూడా ధైర్యం చేస్తే సొంత భూమి సంపాదించుకోవచ్చని అందులో ఉత్సాహంగా చెప్పింది. పెళ్లి సంగతి మాత్రం ఆ యజమానురాలికి కూడా చాలాకాలం చెప్పలేదు.

1991లో షెర్రీ స్మిత్ అనే చరిత్రకారిణి భూమి రికార్డులు పరిశీలించి ఒక వ్యాసం రాశారు. 1912లోనే ఎలినోర్ తన దరఖాస్తు వదులుకుంది. పట్టా కావాలంటే ఆ భూమిలోనే నివాసం ఉండాలి. భార్యాభర్తలిద్దరూ చెరొక నివాసం చూపించడానికి చట్టం ఒప్పుకోదు. అదే భూమికి ఆమె అత్తగారు దరఖాస్తు పెట్టారు. ఆవిడ వితంతువు కనుక ఆవిడకు హక్కు ఉంది! చివరికి ఆ భూమి క్లైడ్‌కే చేరింది. 1926లో గడ్డి కోస్తుండగా గుర్రాలు బెదిరి జరిగిన ప్రమాదంలో ఎలినోర్‌కు పెద్ద దెబ్బలు తగిలాయి. 1933లో చనిపోయింది.

ఆమె అబద్ధం రాసిందని కొందరంటారు. నేను అలా అనుకోను. చేసిన శ్రమ నిజం. ఆ శ్రమకు దక్కాల్సిన హక్కును కాగితం మీద దక్కించుకోలేక ఉత్తరాల్లో దక్కించుకుంది.

ఇది మనకు కొత్త కథ కాదు. 1985లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఇచ్చారు. అది గొప్ప అడుగే. కానీ చట్టం వచ్చేనాటికి పెళ్లయిపోయిన కూతుళ్లను పక్కన పెట్టారు. అన్నకు లేని పెళ్లి షరతు చెల్లెలికి ఎందుకు? ఆ షరతు లేకుండా కేంద్ర చట్టం రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి వాటా ఉంటుందని సుప్రీంకోర్టు తేల్చింది 2020లో.

కాబట్టి గ్రామాలకు వెళ్లినప్పుడు "మీకు భూమి ఉందా?" అని మాత్రమే అడగకండి. ఉంది అనే చెప్తారు, ఎలినోర్ కూడా అలాగే చెప్పింది. పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది, అమ్మాలంటే ఎవరి సంతకం కావాలి, భర్త వదిలేస్తే ఆ చేలోకి ఆమె అడుగు పెట్టగలదా అని అడగండి. పెళ్లయిందని పుట్టింట్లోనూ, పెళ్లయింది కదా అని అత్తింట్లోనూ హక్కు లేకుండా పోతున్న స్త్రీల జాబితా మన దగ్గర ఊరూరికీ ఉండాలి. ఆ జాబితా తయారు చేయడంతో ఈ తరగతి పని మొదలుపెడదాం.