కొండకు బాట అందరిది
(నాచారమున జరిగిన మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉప్పల్, నాచారము ఒకనాడు పల్లెలు. ఉప్పలునకు నల్లచెరువు, నాచారమునకు పెద్దచెరువు ఆధారములు. నేడు ఈ ఊళ్ళు హైదరాబాదు మహానగరమున కలిసిపోయినవి. ఉప్పల్ మునిసిపాలిటీ 2007లో మహానగర పాలక సంస్థలో లీనమైనది. ఊరు పెరుగుట తప్పు కాదు. అయితే పెరుగునపుడు చెరువుగట్టు, బండ, తోపు, కాలిబాట మొట్టమొదట మాయమగుచుండును. అందరిది గనుక ఎవరిదియు కాదని తలచుటయే దీనికి కారణము. అట్టి ఉమ్మడి సొత్తును కాపాడిన కొందరు స్త్రీలను గురించి నేడు మీకు చెప్పదలచితిని.

ఇంగ్లండులో ఆక్టేవియా హిల్ అను మహిళ యుండిరి. లండను నగరమున బీదల ఇండ్ల బాగునకు పాటుపడిన వారు. స్విస్ కాటేజ్ పొలములలో జనులు గాలి పీల్చుకొనుటకు తిరుగుచుండిరి. వానిని కొని ప్రజలకొరకు నిలుపవలెనని 1875లో ఆమె చందాలు పోగుచేసిరి. ప్రయత్నము ఫలింపలేదు; ఆ పొలములపై ఇండ్లు లేచినవి. ఓటమి వలన ఆమెకొక సత్యము తెలిసినది: ప్రజల పక్షమున భూమిని శాశ్వతముగా పట్టియుంచు సంస్థ యొకటి కావలెను. 1895లో మరి యిద్దరితో కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించిరి. ఆ సంస్థకు తొలి దానము వేల్సు దేశమున బార్మత్ పట్టణము పైనున్న నాలుగున్నర ఎకరముల కొండచరియ. దాత శ్రీమతి ఫానీ టాల్బాట్, ఆమెయు స్త్రీయే.

ఇట్టి పని మన దక్కనులోను జరిగినది. జర్మనీలో పుట్టి హైదరాబాదును తన ఊరుగా చేసికొనిన శ్రీమతి ఫ్రౌకె ఖాదర్, తోడి మిత్రులతో కూడి సొసైటీ టు సేవ్ రాక్స్ అను శిలారక్షణ సంఘమును నిలిపిరి. అది 1996లో ఏర్పడినది. మన బండలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు శిలలు. ఎవరో పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచియున్నను, ఎవరును పేర్చలేదు. భూమిలోని శిల పగుళ్ళు వారగా, నీరు ఆ పగుళ్ళలోనికి దిగి అంచులను తినివేయగా, అవి గుండ్రనైనవి. వీనిపై పడిన వాన జారి పల్లమునకు చేరును. సందులలో సీతాఫలపు చెట్లు పెరుగును.

ఆ సంఘము ఎన్నుకొనిన సాధనము మిక్కిలి సామాన్యమైనది: నడక. నెలనెల జనులను వెంటబెట్టుకొని బండల యొద్దకు పోయిరి. కన్నులార చూచినవాడు మరువడు, మరువనివాడు ఊరకుండడు. వారి కృషి వలన తొమ్మిది శిలాస్థలములు నగర వారసత్వ జాబితాకెక్కినవి. నాచారమునకు చేరువనే మౌలాలి యొద్దనున్న సెంటినెల్ రాక్, అనగా కావలిబండ, వానిలో నొకటి. ఆ జాబితాకు ఆధారమైన నిబంధన 2015లో తొలగింపబడినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. నిబంధనలు మారుచుండును. మారనిది ఊరివారి కాపలాయే కావలెను.

రాయి లేక ఇల్లెట్లు, వడ్డెరల బ్రతుకుతెరువెట్లు అని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ప్రతి బండను కాపాడుమని నేను చెప్పుటలేదు. క్వారీకి తగినదేది, ఊరికి గుర్తుగా నిలువవలసినదేది అని ముందుగా కూర్చుండి నిర్ణయించుకొనుట వివేకము. మందుపాతర మ్రోగిన తరువాత వగచి ఫలమేమి?

పల్లెల నుండి వచ్చిన అక్కలారా, చెల్లెండ్రారా! మీరు చేయదగినవి మూడు కలవు. మీ ఊరి ఉమ్మడి స్థలములను, సర్వే నంబర్లతో సహా, పట్టికగా వ్రాసి పంచాయతీ కార్యాలయమున అంటింపుడు. చెరువు శిఖము హద్దులను గ్రామసభలో అడిగి తెలిసికొని, హద్దురాళ్ళు నాటింపుడు. నెలకొకమారు పిల్లలను గుట్టకు, గట్టుకు నడిపించుకొని పోవుడు. పంచాయతీ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి వానిని గ్రామస్థుల ఉపయోగమునకు తిరిగి అప్పగించుటకు ప్రణాళికలు వేయుడని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రములను ఆదేశించినది. కావున మీరు అడుగునది దయ కాదు, హక్కు.

ఈ మాట స్త్రీలకే ఏల చెప్పుచున్నాననగా, బాట మూసివేసిన నాడు కట్టెలమోపుతో చుట్టు తిరిగి నడువవలసినది మీరే. చెరువు పూడినచో ఎంగిలిపూల నాటినుండి సద్దులనాటి వరకు బతుకమ్మను ఏ నీట విడుతురు? తంగేడు, గునుగు పూలు ఎచ్చట కోసుకొందురు? మీ బిడ్డలు మిమ్ము ఆ ప్రశ్న అడుగకముందే, ఆ నీటిని, ఆ బాటను నిలుపుకొందురు గాక!