విశ్వవిద్యాలయం మన గడప దాకా రావాలి
(తల్లిదండ్రుల, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొన్నేళ్ల క్రితం మా బస్తీలో ఒక బాలిక ఇంటర్మీడియెట్ మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైంది. డిగ్రీ ప్రవేశానికి దరఖాస్తు చేయబోతే, ఆధార్‌కు జోడించిన ఫోనుకు ఓటీపీ వెళ్లింది. ఆ నంబరు తండ్రిది. ఆయన సౌదీలో ఉన్నారు, ఆ సిమ్ము ఎప్పుడో మూలబడింది. సహాయ కేంద్రానికి వెళ్తే దారి దొరుకుతుందని ఆ ఇంట ఎవరికీ తెలియదు. గడువు దాటిపోయింది. మరుసటి ఏడాది ఆమెకు నిఖా జరిగింది. నేను పక్క వీధిలోనే ఉన్న ఉపాధ్యాయుణ్ణి. నాకు తెలిసేసరికే ఆలస్యమైంది. ఆ బాధతోనే నేడు మీ ముందు నిలిచాను.

ఆ బాలికకు చదువుపై కోరిక లేదని ఎవరూ అనలేరు. ఆమెకూ విశ్వవిద్యాలయానికీ మధ్య దారి చూపే మనిషి లేడు. అంతే.

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో ముస్లిం విద్యార్థుల వాటా సుమారు 4.6 శాతమే. అంతకుముందు ఏడాది 21 లక్షలున్న సంఖ్య ఆ ఏడాది 19.21 లక్షలకు తగ్గింది. 2006లోనే సచార్ కమిటీ ఈ అంతరాన్ని దేశం ముందుంచింది.

సమాజం వద్దకు వెళ్లడం విశ్వవిద్యాలయాలకు కొత్త కాదు. జాతీయ సేవా పథకం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. బోధన, పరిశోధనలతో పాటు విస్తరణ సేవ కూడా తమ బాధ్యతేనని యూజీసీ 1977లో ప్రకటించింది. మన బస్తీలకూ విద్యార్థులు వస్తారు. మొక్కలు నాటుతారు, రక్తదాన శిబిరాలు పెడతారు. అవి మంచి పనులే. కానీ "ఈ వీధి నుంచి మా తరగతి గదికి ఎందరు వస్తున్నారు?" అని వారు అడగరు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

అది సాధ్యమేనని చెప్పేందుకు ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యను అందిస్తోంది. మదరసాలో చదివినవారిని ఆధునిక విద్యకు చేర్చే వారధి కోర్సులనూ నిర్వహిస్తోంది. విద్యార్థి ఉన్నచోటికి సంస్థ ఒక అడుగు వేయడమంటే ఇదే.

కనుక మనం కోరవలసినవి ఇవి. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే విశ్వవిద్యాలయ బృందం మన బస్తీకి రావాలి. పాఠశాల ఆవరణలోనో షాదీఖానాలోనో, తల్లులు రాగలిగే వేళ కూర్చోవాలి. బృందంలో మహిళలు ఉండాలి. ఉర్దూలోనూ తెలుగులోనూ వివరించాలి. బీసీ-ఇ, ఆదాయ ధ్రువపత్రాలు ముందుగానే సిద్ధం చేయించాలి. చేరిన తర్వాత చేయి వదలకూడదు; ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి ఏడాది ఇంగ్లీషులో అదనపు బోధన ఉండాలి. 2012లో యూజీసీ తెచ్చిన నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలన్నాయి. ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు అనే లెక్కను ఆ విభాగం ఏటా బహిరంగంగా చెప్పాలి.

ఇది దయాభిక్ష కాదు. మన పన్నులతో కూడా నడిచే సంస్థలను మనం అడిగే లెక్క.

అయితే అడిగే నోటికి బాధ్యత కూడా ఉంటుంది. ప్రతి మొహల్లా నుంచి ఇద్దరు పట్టభద్రులు ఈ వేసవిలో ప్రవేశాల పనికి సమయమివ్వండి. మస్జిద్ కమిటీలు గడువు తేదీలను ప్రకటించండి. తల్లిదండ్రులారా, ఇవాళ ఇంటికి వెళ్లగానే మీ అమ్మాయి ఆధార్‌కు ఏ ఫోను జోడించి ఉందో చూడండి. మూలబడిన నంబరైతే ఈ వారమే మార్పించండి.

మా బస్తీ బాలికకు జరిగింది మరో ఇంట జరగకూడదు.