ఇంట్ల కెగరేటర్: నురగ కన్నా ముందు గ్యాస్ సంగతి

 

డాలస్‌ల ఉండే మా బావ ఇంటి గ్యారేజీల ఒక ఫ్రిజ్ ఉంది. దానికి రెండు నల్లాలు. తిప్పితే సొంతంగా తయారు చేసుకున్న బీరు చల్లగా వస్తది. దాన్నే కెగరేటర్ అంటరు. కెగ్ అంటే పీపా, దాన్ని పెట్టుకునే ఫ్రిజ్ కాబట్టి ఆ పేరు. ఆ వీడియో ఒకటి షేర్ చేసినప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న: "తమ్మీ, గిది మన పెద్దపల్లిల పెట్టుకోవచ్చా?" సూటిగా జవాబు చెప్తా. ఫ్రిజ్ పెట్టుకోవచ్చు. అందులోకి బీరు మాత్రం ఇంట్ల తయారు చేయొద్దు.

ముందు చట్టం సంగతి చూద్దాం. అమెరికాల 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ ఒక చట్టం మీద సంతకం పెట్టిండు. 1979 ఫిబ్రవరి నుంచి అది అమలైంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే దాదాపు 378 లీటర్లు. ఇద్దరు, అంతకన్నా ఎక్కువ ఉంటే 200 గ్యాలన్లు. పన్ను లేదు, కానీ అమ్మొద్దు. రాష్ట్రాలకు వేరే చట్టాలు ఉంటయి కాబట్టి మిసిసిపి, అలబామా రాష్ట్రాలు ఒప్పుకునే సరికి 2013 అయ్యింది. మన దగ్గర ఇప్పటికీ 1968 నాటి ఎక్సైజ్ చట్టమే నడుస్తంది. లైసెన్స్ లేకుండా మత్తు పానీయం తయారు చేయొద్దు, ఇంట్ల తాగేందుకైనా సరే. 2015లో మైక్రోబ్రూవరీ నిబంధనలు వచ్చినయి గానీ, అవి లైసెన్స్ తీసుకుని వ్యాపారం చేసేటోళ్లకు. మన దిక్కు "ఇంట్ల తయారు చేసిన" అంటే ఎక్సైజోళ్లకు ముందుగాల గుడుంబనే గుర్తొస్తది, మీ హాప్స్, మాల్ట్ కాదు.

"మరి కల్లు కెగ్‌ల పోస్తే?" అని ఇంకో ప్రశ్న. అది అస్సలు వద్దు. తాటి కల్లు, ఈత కల్లు చెట్టు దిగినంక కూడా పులుస్తనే ఉంటది. పులిసినకొద్దీ గ్యాస్ పుడతది. లొట్టికి మూతి తెరిచి ఉంటది కాబట్టి ఆ గ్యాస్ బయటికి పోతది. అదే స్టీలు పీపాల బిగిస్తే ఒత్తిడి పెరుగుకుంటనే పోతది. మన పెద్దోళ్లు కల్లును ఏ పూటది ఆ పూట తాగుడు ఊరికే కాదు.

అందుకే నేను ఇక్కడ మా ఇంట్ల పెట్టింది సోడా కెగరేటర్. సామాను అంతా అదే, లోపల పోసేదే వేరు. కెగ్‌ల వట్టి సోడా, గ్లాసుల నిమ్మరసం, ఉప్పు, చక్కెర. అమెరికాల ఉండే మనోళ్లు ఇదే పద్ధతిని బీరుకు వాడుకోవచ్చు. అంకెలు రెండింటికీ చెప్తా.

మొదలు పెట్టె. ఐస్‌క్రీమ్ షాపులల్ల ఉండే పై మూత డీప్ ఫ్రీజర్ అన్నిటికన్నా మంచిది. నల్లాల కోసం దాని గోడలకు డ్రిల్ పెట్టకుండ్రి, లోపల గ్యాస్ పైపులు ఉంటయి. ఒక్క రంధ్రం పడ్డా ఫ్రీజర్ పాయె. మూతకు, డబ్బాకు మధ్యన చెక్కతో ఒక చట్రం చేయించి, నల్లాలు ఆ చట్రానికే బిగించాలె. ఫ్రీజర్ సొంతంగా మైనస్ 18 దాకా పోతది కాబట్టి, ప్లగ్గుకు ముందు ఒక టెంపరేచర్ కంట్రోలర్ పెట్టి 3 డిగ్రీల దగ్గర ఆపాలె. దాని సెన్సార్‌ను గాలిల వేలాడదీయకుండా కెగ్‌కు ఆనించి టేపు వేయండి. లేకుంటే కంప్రెసర్ ఊకె ఆన్, ఆఫ్ అయితది.

తర్వాత కెగ్. 19 లీటర్ల స్టీలు పీపా, కార్నీ కెగ్ అంటరు. ఒకప్పుడు కూల్‌డ్రింక్ కంపెనీలు సిరప్ పంపడానికి వాడేవి. వాళ్లు అట్టపెట్టె సంచులకు మారేసరికి పాత పీపాలు ఇంట్ల బీరు చేసుకునేటోళ్ల చేతికి వచ్చినయి. ఒక మూతి గ్యాస్ లోపలికి పోవడానికి, ఇంకోటి ద్రవం బయటికి రావడానికి.

ఇగ అసలు లెక్క. మనం కోడ్‌ల మూడు వేరియబుల్స్ చూసుకున్నట్టే ఇక్కడ కూడా మూడే: చలి, ఒత్తిడి, పైపు పొడవు. ద్రవం ఎంత చల్లగుంటే గ్యాస్‌ను అంత ఎక్కువ పట్టి ఉంచుతది. 3 డిగ్రీల దగ్గర బీరుకు 11, 12 పీఎస్ఐ సరిపోతది. అట్లనే వదిలేస్తే వారం, రెండు వారాలల్ల గ్యాస్ మంచిగ కలుస్తది. సోడాకు ఘాటు కావాలె కాబట్టి 30 పీఎస్ఐ దాకా పెడతం. లోపల ఉన్న ఆ ఒత్తిడిని నల్లా దాకా వచ్చే దారిలో పైపు మెల్లగా తినేయాలె. 5 మిల్లీమీటర్ల లోపలి వెడల్పు ఉన్న పైపైతే బీరుకు సుమారు 3 మీటర్లు, సోడాకు 7, 8 మీటర్లు చుట్టలాగ చుట్టి లోపలే పెట్టుకోవాలె. గ్లాసు నిండా నురగే వస్తంది అంటే ఎక్కువసార్లు కారణం ఇదే: పైపు పొట్టిది, లేకుంటే నల్లా వేడిగుంది. చాలామంది వెంటనే ఒత్తిడి తగ్గిస్తరు. అప్పుడు రెండు రోజులకు లోపలున్నది చప్పగ అయితది. ఒత్తిడిని కదపకుండా పైపును పొడుగు చేయండి.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌ల నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. వంట గ్యాస్ లీకైతే వాసన వస్తది, ఎందుకంటే ఆ వాసన కావాలనే కలుపుతరు. కార్బన్ డై ఆక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. గాలికన్నా బరువు, కింద పేరుకుంటది. పాత బాయిలల్ల దిగి పైకి రాని మనుషుల గురించి మన ఊర్లల్ల వినే ఉంటరు. గోదావరిఖని బొగ్గు బాయిల పని చేసిన పెద్దమనిషిని ఎవరినన్న అడగండి, గాలి చూడకుండా లోపలికి ఎందుకు పోరో చెప్తడు.

చిన్న లెక్క చేద్దాం. ఇండ్లల్ల వాడే 5 పౌండ్ల సిలిండర్ల 2.27 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ ఉంటది. అది మొత్తం బయటికి వస్తే దాదాపు 1,250 లీటర్ల గ్యాస్ అయితది. 10 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిల మొత్తం గాలి 28 వేల లీటర్ల పైచిలుకు. అంటే గాలిలో 4 శాతం దాటింది. అమెరికాల పనిచేసే చోట భద్రత చూసే సంస్థ నియోష్, ప్రాణానికి వెంటనే ప్రమాదం అని గీత గీసింది సరిగ్గా 4 శాతం దగ్గరనే. ఏసీ కోసం తలుపులు, కిటికీలు బిగించుకుని పిల్లలతో పడుకునే గది ఎంతుంటదో ఒకసారి కొలుసుకోండి. కాబట్టి పడకగదిల వద్దే వద్దు. గాలి ఆడే వరండా, హాల్ అయితే మంచిది. కార్బన్ డై ఆక్సైడ్ అలారం ఒకటి మోకాలి ఎత్తున పెట్టండి.

ఇంకోటి, మన ఎండ. కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్ల ద్రవంగా ఉంటది, కానీ 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండలేదు, ఒత్తిడి గబగబా పెరుగుతది. మన రామగుండంల మే నెలల 45 డిగ్రీలు కొత్త కాదు. కాబట్టి సిలిండర్‌ను నీడలనే, నిలబెట్టి, గోడకు గొలుసుతో కట్టి పెట్టుకోండి. ఎక్కువ నింపమని అడగకుండ్రి. గ్యాస్ ఎంత మిగిలిందో మీటరు చూసి తెలుసుకోలేం, ద్రవం అయిపోయే దాకా ముల్లు దాదాపు ఒక్క దగ్గరనే ఉంటది. తూకం వేస్తేనే తెలుస్తది. తాగేదానికి వాడేది ఫుడ్ గ్రేడ్ గ్యాసే ఉండాలె, వెల్డింగ్ షాపుది కాదు.

మొదటిసారి బిగించినంక వట్టి కెగ్‌కు ఒత్తిడి ఎక్కించి, ప్రతి జాయింటుకు సబ్బు నీళ్లు రాయండి. బుడగ కనపడిందా, అక్కడ బిగించాలె. తర్వాత సిలిండర్ వాల్వ్ బంద్ చేసి రాత్రంత వదిలేయండి. పొద్దుగాల రెగ్యులేటర్ ముల్లు బాగా పడిపోయిందంటే లీకు ఇంకా ఉన్నట్టే. కెగ్ మూత తీసే ముందు పై వాల్వ్ లాగి గ్యాస్ అంతా వదలాలె. పైపులు, నల్లాలు రెండు వారాలకు ఒకసారి కడగండి. బీరు లైన్లకు అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ చెప్పే లెక్క కూడా అదే, 14 రోజులు.

మొత్తం చూస్తే ఇది బీరు మిషన్ కాదు, గ్యాస్ మిషన్. గ్యాస్‌ను మర్యాదగా చూసుకుంటే ఎండాకాలంల ఇంటికొచ్చిన చుట్టాలకు నల్లా తిప్పి చల్లటి నిమ్మసోడా పోయొచ్చు. మీ ఇంట్ల సిలిండర్ ఎక్కడ పెడదామనుకుంటున్నరో గది కొలతలతో కామెంట్ల రాయండి, లెక్క కలిసి చేద్దాం. ఉంటా మరి, నమస్తే.