ఎండవెన్నెలల పద్దు



గవాక్షమునుండి ఇంటిలోనికి దిగిన ఎండలో ఆడు ధూళికణమును మన పూర్వులు త్రసరేణువనిరి. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున తూనికల వరుసకు అదియే మొదటి మెట్టు. ధూళిని చూచుటకు ఎండయే తోడని ఎఱిగిన ఆ చూపునకు, గాలిలోని కణములను నేటి శాస్త్రజ్ఞులు కొలుచు విధానము దగ్గఱి చుట్టము.

ఆ విధానము జమాఖర్చువంటిది. వాతావరణపు పైయంచున సూర్యుడు జమకట్టు కాంతి ఎంతయో తెలిసియున్నది. నేలపై యంత్రమునకు చేరినదానిని అందుండి తీసివేసినచో నడుమ గాలి చేసిన తరుగు తేలును. గాలియణువులకును, ఓజోను మొదలగు వాయువులకును చెందు పాలు మినహాయింపగా మిగిలినది ధూళి, పొగ, కడలి ఉప్పుకణముల పద్దు. ఆ పద్దు 0.1 అయినచో నడినెత్తి సూర్యుని సూటికిరణములో నూటికి 90 పాళ్లు ఆ కణములను దాటివచ్చును, 0.5 అయినచో 61. 1 అయినచో 37 మాత్రమే. సన్నని పొగ ఎఱుపుకంటె నీలమును హెచ్చుగా అడ్డగించును. ముతక దుమ్ము అన్ని రంగులను ఇంచుమించు సమముగా తగ్గించును. కావుననే పలు రంగులలో కొలిచి, అది పొగయో దుమ్మో గుర్తింతురు.

1980ల దశకమున తిరువనంతపురమందలి అంతరిక్ష భౌతిక ప్రయోగశాలవారు ఎండను పది తరంగదైర్ఘ్యములలో కొలుచు యంత్రమును నిర్మించిరి. అట్టివి విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమందును, అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమందును పనిచేసినవి.

అయితే సూర్యుడు క్రుంకగానే ఆ లెక్క ఆగును, పొగ ఆగదు. కోతలైన పిదప వరంగల్లు ప్రాంతపు చేలలో వరికొయ్యలకును పత్తికట్టెకును పెట్టిన నిప్పు సందెతో చల్లారునా? ఈ లోపము పూడ్చుటకే వెన్నెలను కొలుచు యంత్రములు వచ్చినవి. ఫ్రాన్సు దేశీయుడు బూగే 1729లో ప్రచురించిన గ్రంథమునందే, చంద్రకాంతిని కొవ్వొత్తి వెలుగుతో పోల్చి గాలిలోని తరుగును గణించెను. పున్నమి వెలుగు సూర్యకాంతిలో సుమారు నాలుగు లక్షలవ వంతు. అదియు తిథితో మారును. అందుచే చంద్రుని జమను ముందుగా తేల్చవలసివచ్చెను. అమెరికా భూవిజ్ఞాన సర్వేవారు అరిజోనాలో ఏండ్లతరబడి చంద్రుని కొలిచి, అందుకు తగిన గణితమును 2005లో ప్రకటించిరి. ఐనను అమావాస్యనాటి పుట ఖాళీయే.

మఱియొక మాట. ఈ పద్దు నేలనుండి నింగివఱకుగల గాలి మొత్తమునకు చెందినది. ముక్కునకందు గాలికి మాత్రమే కాదు. పొయ్యిపొగలో కూర్చున్న తల్లి పీల్చు గాలిని కొలువవలెనన్నచో వేఱొక యంత్రము ఆ వంటయింటనే ఉండవలెను.

భద్రకాళి చెరువుగట్టున పున్నమిచంద్రుడు ఎఱ్ఱగా ఉదయించినపుడు మెచ్చుకొనువారు, ఆ యెఱుపులో తమ పొలముల పొగయు కొంత ఉండవచ్చునని తలంపవలెను. కొయ్యలను కాల్చక నేలలో కలియదున్నిన రైతు, ఆ తరుగులో తన పేరనున్న పాలును కొట్టివేసినవాడగును.