చిన్నప్రేగు లోపలి నేత

(మన సంఘపు వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, తండ్రుల నాటి జవుళి వ్యాపారమును నడుపుకొనుచున్న వారము. అట్టి మాకు చిన్నప్రేగును గూర్చి మాటలాడు అర్హత యేమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. గుడ్డను చేతబట్టి నేతను పరీక్షించుట మా వృత్తి. వైద్యులు సూక్ష్మదర్శినిలో చూచి వర్ణించునదియు ఒక విధమైన నేతయే. కణజాలమను మాటలోనే జాలము, అనగా వల, యున్నది గదా! ఆ నేత యెట్టిదో తెలిసికొన్నచో, పసిపిల్లలకు విరేచనములు పట్టుకొన్నపుడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తేటపడును. ఆ మాట మనవి చేయుటకే మీ యెదుట నిలిచితిమి.

జీవించియున్న పెద్దవారిలో చిన్నప్రేగు సుమారు 3 మీటర్ల పొడవుండును. దాని గోడలో నాలుగు పొరలు కలవు. వెలుపలిది నున్నని పలుచని పొర. దాని లోపలిది కండరముల పొర. ఇందు ఒక వరుస కండరములు నిలువుగాను, మరియొక వరుస చుట్టునుగాను పడుగు పేకలవలె అమరి, ఆహారమును కలుపుచు ముందునకు నెట్టుచుండును. మూడవ పొరలో రక్తనాళములు, నరములు నడచుచుండును. అన్నిటికంటె లోపలిది శ్లేష్మస్తరము. మనము తిన్న అన్నమునకు తగులునది ఈ పొర యొక్కటే. నేటి మన విషయ మదియే.

ఈ పొర సాదా గుడ్డవలె చదునుగా నుండదు. టర్కీ తువ్వాలు నీటిని ఏల ఎక్కువగా పీల్చును? దానిపై లేచియున్న నూలు ఉచ్చుల వలన. చిన్నప్రేగునందును అట్లే మొదట మడతలు, ఆ మడతలపై వేళ్ళవలె లేచియున్న ఆంత్రచూషకములు కలవు. ఒక్కొక్క చూషకము అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు ఎత్తుండును. ఒక చదరపు మిల్లీమీటరులో ఇట్టివి 20 నుండి 40 వరకు ఉండును. ప్రతి చూషకముపైనను ఒకే వరుస కణములు కప్పియుండును. ఆ కణముల కొసలపై మరల లెక్కకు మించిన సూక్ష్మచూషకములు కుంచె వెండ్రుకలవలె నిలిచియుండును. చూషకము నడుమ సన్నని రక్తకేశనాళికలును, ఒక పాయసనాళమును ఉండును. చక్కెరలు, మాంసకృత్తుల సారము రక్తములోనికి చేరి కాలేయమునకు పోవును. క్రొవ్వులో అధికభాగము పాయసనాళపు దారిని పోవును.

ఈ తలమంతయు పరచిన ఒక టెన్నిసు ఆటస్థలమంత యగునని పూర్వపు పుస్తకములు వ్రాసెను. 2014లో స్వీడను దేశపు పరిశోధకులు మరల కొలిచి, అది దాదాపు 30 చదరపు మీటర్లు మాత్రమేనని తేల్చిరి. గజముకోల నమ్మి బ్రతుకు మాకు ఈ సవరణ మిక్కిలి నచ్చినది. తగ్గించి చెప్పినను, ఒక మనిషి కడుపులో ఒక పెద్ద గది నేలంత పరపు ఇమిడియుండుట సామాన్యమా?

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయ మొకటి కలదు. చూషకముల మొదళ్ళ నడుమ సన్నని గుంటలు కలవు. 1745లో వానిని వర్ణించిన జర్మను శాస్త్రజ్ఞుని పేర వానిని లీబర్‌క్యూన్ గుంటలందురు. ఆ గుంటల అడుగున మూలకణములు ఎడతెగక విభజన చెంది క్రొత్త కణములను పుట్టించుచుండును. వాని ప్రక్కనే పానెత్ కణములు సూక్ష్మజీవులను చంపు పదార్థములను స్రవించుచు కాపలా కాయును. పుట్టిన కొత్త కణములలో అధికభాగము మెట్లెక్కినట్లు చూషకము పైకి ఎగబ్రాకి, కొసకు చేరి, రాలిపోవును. ఇదంతయు 3 నుండి 5 దినముల పని. అనగా గత వారము మన ప్రేగును కప్పియున్న గుడ్డ యీ వారము లేదు! పాతది రాలుచుండగనే క్రొత్తది క్రిందినుండి నేయబడుచున్నది.

ఈ నేతకు ముడిసరుకు కావలెను. కణములు విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు హిందూ హైస్కూలులో చదివి మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను గెలిచి, మద్రాసులోనే వైద్యము నేర్చిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరి, అచట లెడర్లీ ప్రయోగశాలలో తన సహచరులతో 1945లో ఈ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయించిరి. చూషకములను పొట్టివిగా, మొద్దువిగా చేయు స్ప్రూ వ్యాధి యౌవనమున వారిని పీడించినదే. ఆ వ్యాధి చికిత్సకు ఫోలిక్ ఆమ్లము నేటికిని ఉపయోగపడుచున్నది.

ఇక పసిపిల్లల సంగతి. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ అను పరిశోధకురాలును, ఆమె సహచరులును విరేచనములతో బాధపడు బిడ్డల ప్రేగునుండి తీసిన చిన్న ముక్కలను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచి, రోటా వైరసును కనుగొనిరి. ఈ వైరసు చూషకముల పైభాగపు కణములను చెరచును. పీల్చుకొనవలసిన నేత చిరుగుటచే నీరు బయటికి పోవును. కాని గుంటల అడుగున నున్న మూలకణములు బ్రతికియే యుండును. అవి కొలది దినములలో మరల నేయగలవు. బిడ్డ ఆ కొలది దినములు ప్రాణముతో నుండవలెను. మార్గమంతయు ఇందే యున్నది.

కలరాలో మరియొక విధము. అందు కణములు చెడవు. గుంటల కణములు నీటిని, ఉప్పును కుమ్మరించును. అయినను చూషకములపై చక్కెరను, ఉప్పును జంటగా లోనికి కొనిపోవు ద్వారము తెరచియే యుండును. ఆ జంట వెంట నీరును పోవును. ఉప్పునకు చక్కెర తోడైననే ఈ ద్వారము పనిచేయునని 1960లో రాబర్ట్ క్రేను సూచించెను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఎక్కించు సెలైను చాలక, ఉప్పు చక్కెర కలిపిన నీటిని త్రాగించిరి. నూటికి 30 వరకు నుండిన మరణములు 4 కంటె తక్కువకు దిగినవి.

ఇట్టి విజ్ఞానముండగా, మన యిండ్లలో ఇంకను “లంఖణం పరమౌషధం” అని బిడ్డకు నీరు, పాలు మాన్పించు అలవాటు కొన్ని చోట్ల కలదు. అజీర్తి చేసిన పెద్దవారికి ఆ సామెత పనికివచ్చునేమో గాని, విరేచనములగుచున్న బిడ్డకు అది ప్రాణాంతకము. దుకాణమున సరుకు చెడినపుడు క్రొత్త సరుకు వచ్చువరకు పనివారికి కూలి మానివేసిన, సరుకు వచ్చిన నాడు దింపుకొనువారుందురా? బిడ్డకు తల్లిపాలు మానరాదు. తినగల బిడ్డకు అన్నము మానరాదు.

మందుల దుకాణమున ఓ.ఆర్.ఎస్. పొట్లము కొనునపుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము చేసినదో కాదో చదివి చూడుడు. పేరు మాత్రము పోలిన తియ్యని పానీయములు పనికిరావు. చక్కెర మితిమీరిన విరేచనములు హెచ్చును. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 6 సమతల టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా త్రాగించవలెను. ఉప్పు అంతకు మించరాదు. వైద్యుని అడిగి 14 దినములు జింకు ఇప్పించవలెను. బిడ్డ మగతగా నున్నను, కన్నులు లోతుకు పోయినను, త్రాగలేకపోయినను, మలములో రక్తము కనబడినను క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

హైదరాబాదున తయారైన రోటా టీకా పరీక్షలు ఢిల్లీ, పూనాలతో పాటు మనకు చేరువనున్న వేలూరునందును జరిగినవి. 2016లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మొదలగు నాలుగు రాష్ట్రములలో ప్రభుత్వము దానిని ఉచితముగా ఇచ్చుట ప్రారంభించి, పిమ్మట దేశమంతటికి విస్తరించినది. 6, 10, 14 వారముల వయసున బిడ్డకు ఆ చుక్కలు తప్పక వేయించుడు.

కడపటి మనవి. ఆసుపత్రి గోడలపై ఈ సంగతులు తమిళమునను ఆంగ్లమునను వ్రాసియున్నవి. మన పిల్లలు చదువగలరు. కాని బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండునది అమ్మమ్మయో నాయనమ్మయో గదా! ఆమెకు వచ్చినది తెలుగు. ఆమె నోటి మాటయే యింటికి శాసనము. కావున చక్కెర, ఉప్పు, నీరు ఈ మూటి కొలతలను తెలుగున అచ్చొత్తించి ఇంటింటికి ఒక కాగితము చేర్చుటకు సంఘము పూనుకొనవలెనని కోరుచున్నాము. అచ్చు వ్యయము మా దుకాణము భరించును. కాగితమును అందించి, చదివి వినిపించు భారము యువకులైన మీరు వహింపుడు.