కొల్లేటిని కమ్మే గుర్రపుడెక్క
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొల్లేరుకు 1999లో అభయారణ్యం హోదా, 2002లో రామ్‌సార్ గుర్తింపు లభించాయి. కానీ గుర్రపుడెక్క హోదాలు చూసి ఆగదు. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్క అనుకూలమైన నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. చాపలా పరుచుకుని వెలుతురును అడ్డుకుంటుంది. అడుగున నీటిమొక్కలు చస్తాయి. కుళ్లిన ఆకు నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. చేపలు తగ్గితే వలవేసేవారికీ, కొంగలకూ కూడు కరువే. ఉప్పుటేరులో పేరుకుంటే వరద సముద్రానికి పోక చేలమీదికి ఎక్కుతుంది.

పీకి గట్టున పోస్తే చాలదు. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మురుగు, ఎరువులు కలిసిన నీరే దానికి బలం. కనుక మురుగును ఆపడం, పూత రాకముందే తీయడం రెండూ కలిసి సాగాలి. అర్జీ రాయడం, దాని వెంట తిరగడం మనకు తెలిసిన విద్యే. ఆ అనుభవాన్ని కొల్లేటికి వినియోగిద్దాం.